బంతికి పని చెప్పినవాళ్ళు

1366లో కిల్కెన్నీ పట్టణంలో ఒక పార్లమెంటు కొలువుదీరింది. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డు కొడుకు లయొనెల్, తండ్రి తరఫున ఐర్లండును చూసుకుంటూ, దాన్ని పిలిపించాడు. అప్పటికి రెండు వందల ఏళ్ళుగా ఆ దీవిలో కాపురమున్న దొరల సంతతి మెల్లమెల్లగా స్థానికుల్లో కలిసిపోతోంది. వాళ్ళతో వియ్యమందుతున్నారు, తమ పిల్లల్ని పెంపకానికి వాళ్ళ ఇళ్ళకు పంపుతున్నారు, ఐరిష్ మాట్లాడుతున్నారు, జీను లేకుండా గుర్రమెక్కుతున్నారు. ఇవన్నీ కూడదని శాసనం చేశారు. ఐరిష్ వదిలి ఇంగ్లీషు మాట్లాడమని హుకుం చేసిన ఆ శాసనాన్ని రాసుకున్నది మాత్రం ఫ్రెంచిలో. ఏలేవాళ్ళకు ఇలాంటివి వింతగా తోచవు.

అందులో ఒక నిబంధన ఆట గురించి. పెద్ద పెద్ద కర్రలు పట్టుకుని నేలమీద బంతిని కొట్టే ఆటలు మానుకోవాలి. వాటివల్ల కాళ్ళూ చేతులూ విరుగుతున్నాయి, దేశరక్షణ బలహీనపడుతోంది. దానికి బదులు విల్లు ఎక్కుపెట్టడం, ఈటె విసరడం అలవాటు చేసుకోవాలి. అవి పెద్దమనుషుల ఆటలు.

దెబ్బల మాట నిజమే. హర్లింగ్ అనే ఆ కర్రల ఆట చూసినవాళ్ళెవరూ కాదనరు. జట్టుకు 15 మంది, ప్రతివాడి చేతిలో యాష్ చెట్టు మొదలు నుంచి చెక్కిన కర్ర, మధ్యలో 110 నుంచి 120 గ్రాముల బరువుండే గట్టి బంతి. దాన్ని స్లిటర్ అంటారు. అది మనిషి తల ఎత్తున దూసుకొస్తుంటే వాళ్ళు దానికి ఎదురు పరిగెత్తుతారు. 2010 నుంచి తలకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. అయితే శాసనకర్తల బాధ వేరు. దెబ్బలంటే జాలిపడేవాడు ఆ చేత్తోనే విల్లు పట్టమనడు. విరిగిన చేయి రాజు కోసం విరగలేదే అన్నదే వాళ్ళ దిగులు.

ఇది చదివినప్పుడు నాకు ఆదిపర్వం గుర్తొచ్చింది. హస్తినాపురం బయట కురుకుమారులు బంతి ఆడుకుంటుంటే అది నూతిలో పడింది. చుట్టూ చేరి చూస్తూ నిలబడ్డారు. ద్రుపదుడి దగ్గర అవమానపడి వచ్చిన ఒక బీద బ్రాహ్మడు వాళ్ళను చూసి నవ్వాడు. భరతవంశంలో పుట్టి బంతి తీసుకోలేరా అన్నాడు. గడ్డిపుల్లల్ని మంత్రించి, ఒకదాని వెనక ఒకటి గుచ్చి బంతిని పైకి లాగాడు. పిల్లలు నోళ్ళు తెరిచారు. భీష్ముడు ఆయన్ని గురువుగా పెట్టాడు. తరువాత కథంతా మనకు తెలుసు: అస్త్రవిద్య, ఏకలవ్యుడి బొటనవేలు, గురుదక్షిణగా ద్రుపదుణ్ణి కట్టి తేవడం, ఆపైన కురుక్షేత్రం. నూతిలోంచి వచ్చిన ఆ బంతి ఏమైందో ఎవరూ మళ్ళీ మాట్లాడరు. అది ద్రోణుడికి ఉద్యోగం ఇప్పించింది, దాని పని అయిపోయింది. చిన్నప్పుడు ఈ కథ ద్రోణుడి నేర్పు కోసం చెప్పారు నాకు. ఇప్పుడు చూస్తే ఆట ఆగిపోయిన ఘడియ కథలా కనిపిస్తుంది.

ఐర్లండు పురాణంలోనూ ఇలాంటిదే ఉంది. సెటాంటా అనే పిల్లవాడు కర్రా బంతీ ఆడుకుంటూ, కులన్ అనే కమ్మరి ఇంటి విందుకు ఆలస్యంగా చేరాడు. కాపలాకుక్క మీదపడింది. బంతిని దాని గొంతులోకి కొట్టి చంపాడు. కుక్క పోయిందని కమ్మరి ఏడిస్తే, మరో కుక్క పెరిగేదాకా నీ ఇల్లు నేనే కాస్తానన్నాడు. అప్పట్నుంచి వాడి పేరే కులన్ కుక్క, కూహులిన్. మహావీరుడయ్యాడు, చిన్న వయసులో యుద్ధంలో చచ్చాడు. వీరగాథగా చెప్పుకునే ఈ కథలో బంతి ఆడుకున్న చివరి సాయంత్రం కూడా ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇంతకీ బంతిని చూస్తే పెద్దవాళ్ళకు ఎందుకంత తోచకుండా ఉంటుంది? చేతికి దొరికిన ప్రతిదానికీ ఒక పని ఉండాలని మనిషికి ఎవరు నేర్పారు?

కిల్కెన్నీ శాసనం పారలేదని చరిత్రే చెబుతుంది. 1527లో గాల్వే పట్టణం మళ్ళీ కర్రల ఆటను నిషేధించవలసి వచ్చింది. అయితే అక్కడివాళ్ళు ఒక మినహాయింపు ఇచ్చారు, కాలితో తన్నే పెద్దబంతి ఆడుకోవచ్చునని. 1695లో ఆదివారం హర్లింగ్ గానీ ఫుట్‌బాల్ గానీ ఆడితే 12 పెన్నీల జరిమానా అన్నారు. ఆరు రోజులు పొలంలో ఒళ్ళు విరుచుకునే కూలివాడికి ఆదివారం తప్ప మరో రోజు లేదని ఆ చట్టం చేసినవాళ్ళకు తెలియకపోలేదు. ఇటు 18వ శతాబ్దంలో భూస్వాములే తమ రైతులతో జట్లు కట్టించి పందేలు కాశారు. అంటే ఆట తప్పని కాదు. ఎవరి కోసం ఆడుతున్నావన్నదే ప్రశ్న. దొర పందెం కోసమైతే ఏ రోజైనా ఆడవచ్చు.

గాల్వే వాళ్ళు కాలికి మార్కులు వేసి కర్రను తప్పించారు గానీ, కిల్కెన్నీ తీరు తలకిందులు. ఐర్లండు జిల్లాల్లో గేలిక్ ఫుట్‌బాల్ సీనియర్ ఛాంపియన్‌షిప్‌లో దిగనిది ఇదొక్కటే. హర్లింగ్‌లో మాత్రం 36 సార్లు అఖిల ఐర్లండు విజేత, దేశంలో మరే జిల్లాకూ అన్ని లేవు. కాలితో తన్నే ఆట అక్కడ లేదని కాదు, దానికి అంత మనసు లేదు. ఒక ఊరు ఒక ఆటకు మనసిచ్చి మరోదానికి ఎందుకివ్వదో కారణాలు చెప్పవచ్చు. ప్రేమకు కూడా కారణాలు చెప్పవచ్చు, చెప్పాక ఎవరికీ తృప్తి ఉండదు.

బంతి సంగతికొస్తాను. ఐర్లండు పశ్చిమాన, కెర్రీ లాంటి జిల్లాల్లో, పీట్ నేలలున్నాయి. వేల ఏళ్ళుగా నీళ్ళల్లో నానుతూ పూర్తిగా కుళ్ళని నాచు పొరలవి. ఎండబెట్టి పొయ్యిలో వాడుకోవడానికి ఆ నేలను పలకలుగా కోస్తారు. అలా కోస్తున్నవాళ్ళకు అప్పుడప్పుడూ వెంట్రుకల ఉండలు దొరికాయి. ఐర్లండు జాతీయ మ్యూజియం దగ్గర అలాంటివి డజనుకు పైగా ఉన్నాయి. అవి పాతకాలపు హర్లింగ్ బంతులు. కార్బన్ పరీక్షల్లో వాటి వయసు 12వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా తేలింది. కొన్ని కిల్కెన్నీ శాసనం కన్నా పాతవన్నమాట. ఆవు వెంట్రుకలు పోగేసి, తడిపి, అరచేతుల మధ్య దొర్లించి దొర్లించి గట్టి ఉండ చేస్తారు. దానిపైన గుర్రపు వెంట్రుకలు జడలా అల్లి వలలాగా చుడతారు. పీట్ నేలలో గాలి ఆడదు, పులుపు ఎక్కువ. ఉక్కు తుప్పుపట్టి పోయేచోట వెంట్రుక మిగిలింది.

ఇంత శ్రమ ఎవరు పడ్డారు? పేరు లేదు. ఎన్ని ఆవుల ఒళ్ళు నిమిరితే ఒక బంతికి సరిపడా వెంట్రుక వస్తుంది? ఆ వెంట్రుకతో తాడు పేనుకోవచ్చు, గోడకు పూసే సున్నంలో కలుపుకోవచ్చు. ఆ మనిషి బంతి చేశాడు. బంతి తిండి పెట్టదు, చలికి అడ్డుపడదు. పోగొట్టుకున్నాడా, దాచాడా, ఏదో మొక్కుకుని నేలకు ఇచ్చుకున్నాడా అని పండితులు ఆలోచించారు. గట్టిగా కొట్టిన బంతి బురదలో పడితే దొరకదు కదా అని నాకనిపిస్తుంది. మన పిల్లల్లో బంతి పోయిన చోట సాయంత్రం దాకా వెతికి, చీకటిపడ్డాక ఇంటికెళ్ళనివాడెవడు?

కిల్కెన్నీ జిల్లాలోనే, థామస్‌టౌన్ పక్కన, 1685లో జార్జ్ బర్క్లీ పుట్టాడు. పదకొండేళ్ళ వయసులో కిల్కెన్నీ కాలేజీలో చేరాడు. అంతకు ముందు రచయిత స్విఫ్ట్ చదివింది కూడా ఆ బడిలోనే. బర్క్లీ పాతికేళ్ళకే, 1710లో, ఒక పుస్తకం రాసి లోకాన్ని తికమక పెట్టాడు. వస్తువు ఉండడమంటే అనుభవానికి అందడమే, అనుభవించే మనసు లేకపోతే వస్తువన్నది లేదన్నాడు. మన అద్వైతుల్లో దృష్టిసృష్టివాదులు దాదాపు ఈ మాటే అంటారు. చూపే సృష్టి, చూడకముందు సృష్టి లేదు. బర్క్లీ తరువాత బిషప్పయ్యాడు. ఎవరూ చూడనప్పుడు కూడా లోకం నిలకడగా ఉందంటే దేవుడు చూస్తున్నాడు కాబట్టేనని ఆయన సమాధానం.

ఎనిమిది వందల ఏళ్ళు పీట్ పొరల కింద పడి ఉన్న ఆ వెంట్రుకల ఉండ మాటేమిటి? దేవుడి చూపు మీద భారం వేయడానికి నాకు మనసొప్పదు. ఉండ ఉంది, దాని పాటికి అది ఉంది. లేకపోతే పార తగిలి బయటికొచ్చేది కాదు. అంతవరకు బర్క్లీతో నాకు పేచీ. అయితే ఆ ఎనిమిది వందల ఏళ్ళూ అది బంతేనా? నాగలి కర్రు భూమిలో దొరికితే అది నాగలి కర్రే, దాని పని ఇప్పటికీ పొలంలో ఉంది. బంతి పని పొలంలో లేదు, ఇంట్లో లేదు, ఆడేవాళ్ళ మధ్య ఉంది. ఒకడు కొడతాడు, మరొకడు అందుకుంటాడు, లేదా అందుకోలేకపోతాడు. ఒంటరి పిల్లవాడు గోడకు కొట్టినా ఆ గోడనే రెండోవాణ్ణి చేసుకుంటాడు. రెండోవాడు పోయిన మరుక్షణం బంతి వెంట్రుకయిపోతుంది. ఇక్కడ మాత్రం కిల్కెన్నీలో పుట్టిన ఆ బిషప్పుకు సగం మార్కులు ఇవ్వక తప్పదు. చూసే దేవుణ్ణి కోరాడాయన, నేనైతే తిరిగి కొట్టే మనిషి చాలంటాను.

ఈ లెక్కన మ్యూజియం అద్దాల వెనక ఉన్నదీ బంతి కాదు. వారసత్వ సంపద. 2018లో యునెస్కో హర్లింగ్‌ను మానవాళి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ ఇక్కడా ఎవరో బంతికి ఒక పని చెప్పారు, ఈసారి గుర్తుగా ఉండే పని.

ఇంట్లో చేసుకున్న బంతి అనగానే మన కళ్ళు చెమ్మగిల్లే అలవాటు ఒకటుంది. దాని మీద నాకు అనుమానం. మన ఊళ్ళలో చిరిగిన గుడ్డలు ఉండచుట్టి, సూదీదారంతో కుట్టి, సైకిలు ట్యూబు కోసిన రబ్బరు చుట్లు బిగించి బంతి చేసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. కోస్తాలో బిళ్ళంగోడు, తెలంగాణలో చిర్రగోనె అనే ఆటకు కర్రా బిళ్ళా మనమే చెక్కుకున్నాం. దాన్ని ఇప్పుడు తలచుకుని ఆ రోజులే వేరంటాం. ఆ రోజు కొట్లో అసలు బంతి కొనిస్తామంటే గుడ్డబంతిని పెరట్లోకి విసిరి పరుగెత్తేవాళ్ళం. లేమిని వెనక్కి తిరిగి చూసి అందం అనడం కడుపు నిండినవాడి పని. కెర్రీలో ఆవు వెంట్రుకలు పోగేసినవాడు కూడా తోలు బంతి దొరికితే వద్దనేవాడు కాదు.

అలాగని లేమి ఒక్కటే లేదు. ఆగ్నేయ ఐర్లండులో ఒక ఆచారం ఉండేది. మే నెల మొదటి రోజున, ఆ ఏడు పెళ్ళయిన జంటలు ఊరి కుర్రకారుకు బంతి ఇచ్చుకోవాలి. ఇవ్వకపోతే ఇంటి ముందు గోల. ఆటలోంచి కాపురంలోకి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా ఆటలో ఉన్నవాళ్ళకు చెల్లించే సుంకమది. ఇక్కడ బంతి కొనలేక చేసినది కాదు, బాకీ తీర్చడానికి ఇచ్చినది. వెళ్ళిపోయేవాడు రెండోవాడి స్థానం ఖాళీచేస్తున్నాడు గనక దానికి బదులుగా బంతి పెట్టి వెళ్ళాలి. ఇంత చక్కని న్యాయం ఏ శాసనంలోనూ కనపడదు.

కిల్కెన్నీ జిల్లాలో కాలన్ అనే ఊరుంది. అక్కడ హంఫ్రీ ఓ సలివన్ అనే బడిపంతులు 1827 నుంచి 1835 దాకా ఐరిష్‌లో డైరీ రాశాడు. వాన, పక్షులు, బంగాళాదుంపల ధరలు, ఆకలిగొన్న జనం, సంత మైదానంలో హర్లింగ్, అన్నీ ఒకే వరసలో వస్తాయి. ఆట గెలిస్తే ఎవరికీ కప్పు లేదు. మరో పదేళ్ళకు, 1845లో, దుంపకు తెగులు పట్టింది. పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కారు. చాలా ఊళ్ళలో ఆటకు జట్టు కట్టేటంత మంది కుర్రాళ్ళు మిగల్లేదు. 1366 శాసనం చేయలేనిది ఆకలి చేసింది.

1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలో ఒక హోటల్లో మైకెల్ క్యూసాక్ అనే బడిపంతులు కొద్దిమందిని కూర్చోబెట్టి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ స్థాపించాడు. జాతికి తన ఆటలు తనకు కావాలన్నాడు. హర్లింగ్‌కు నియమాలు రాశారు, జిల్లాల వారీగా పోటీలు పెట్టారు. ఆట బతికింది. కానీ బతికించినవాడు ఊరుకుంటాడా? బంతికి మళ్ళీ ఒక పని దొరికింది, ఈసారి దేశాన్ని మోసే పని. సంఘం సభ్యులు సాకర్, రగ్బీ, క్రికెట్, హాకీ ఆడకూడదు, చూడకూడదు అని నిషేధం పెట్టుకున్నారు. కిల్కెన్నీ పల్లెల్లో 19వ శతాబ్దమంతా క్రికెట్ జోరుగా ఆడేవాళ్ళు. హర్లింగ్‌లో జిల్లాకు మొదటి అఖిల ఐర్లండు గెలుపు 1904 పోటీది, అదీ ఆటను 1906లో ఆడితే. క్రికెట్ బ్యాటు పట్టిన ఇళ్ళలోనే తరువాతి తరం హర్లీ కర్ర పట్టింది. ఇప్పుడు ఆ క్రికెట్ సంగతి చెబితే ఊళ్ళోవాళ్ళే ఆశ్చర్యపోతారు.

1938లో డగ్లస్ హైడ్ ఐర్లండు తొలి అధ్యక్షుడు. ఐరిష్ భాష చచ్చిపోకుండా గేలిక్ లీగ్ పెట్టినవాడు. పోలండుతో జరిగిన సాకర్ ఆటకు దేశాధ్యక్షుడి హోదాలో వెళ్ళినందుకు సంఘం ఆయన్ని తన పోషకుల పట్టీలోంచి తీసేసింది. నిషేధం 1971 దాకా నడిచింది. ఆట మీద నిషేధాలు భరించినవాళ్ళు ఆట పేరుతో నిషేధాలు రాయడం చూస్తే, లయొనెల్ రాజకుమారుడు ఎక్కడో కిసుక్కుమని నవ్వి ఉంటాడు. ఆయన కలిసిపోవడాన్ని చూసి భయపడ్డాడు. వీళ్ళు కూడా అంతే.

క్యూసాక్ మీద తీర్పు చెప్పడం నాకు తేలిక కాదు. అతడు బంతికి పని చెప్పకపోతే ఈ రోజు చెప్పుకోవడానికి ఆటే ఉండకపోవచ్చు. 1920 నవంబరు 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఫుట్‌బాల్ చూడ్డానికి వచ్చినవాళ్ళ మీద బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపితే 14 మంది ప్రాణాలు పోయాయి, వాళ్ళలో ఆడుతున్నవాడొకడు. ఆట కేవలం ఆటేనన్న మాట ఆ రోజు తరువాత ఆ దేశంలో ఎవరు అనగలరు? ప్రయోజనం లేనిదాన్ని ప్రయోజనం లేకుండా కాపాడుకోవడం సాధ్యమా? సాధ్యం కాదేమోనని నా భయం. పిల్లలకు బడి ఉండాలంటే బడ్జెట్ కావాలి, బడ్జెట్ కావాలంటే ఆ చదువు దేనికి పనికొస్తుందో చెప్పాలి, చెప్పడం మొదలుపెట్టాక అది చదువుగా ఉండదు. కవిత్వమూ అంతే, స్నేహమూ అంతే.

అయినా కిల్కెన్నీలో ఒక మొండితనం మిగిలే ఉంది. ఈ ఆటలో ఎవరికీ జీతం లేదు. బాలీహేల్ అనే చిన్న ఊరివాడు హెన్రీ షెఫ్లిన్ పది అఖిల ఐర్లండు పతకాలు గెలిచాడు. క్రోక్ పార్కులో 82 వేల మంది ముందు ఆడిన మనిషి బతుకుతెరువుకు బ్యాంకులో పనిచేశాడు. అంతమంది టికెట్లు కొన్న ఆటకు ఆడినవాడికి కూలి ఇవ్వకపోవడం న్యాయమేనా అని అక్కడి ఆటగాళ్ళే అడుగుతున్నారు, అడగవలసిందే. ఆటలోంచి డబ్బును దూరం పెట్టిన పవిత్రత, ఆ డబ్బు మరెవరి చేతిలోకో వెళ్తున్నప్పుడు పవిత్రతేనా?

బంతి కూడా మారింది. లోపల బెండు, పైన తోలు. లిమెరిక్‌కు చెందిన జానీ మెకాలిఫ్ గత శతాబ్దం మొదట్లో దీనికి రూపు దిద్దాడు. తోలు కుట్టే పనిలో చాలా భాగం పాకిస్తాన్ లాంటి ఆసియా దేశాలకు చేరింది. 2012లో యాష్ చెట్లకు తెగులు సోకినట్టు ఐర్లండులో బయటపడింది, అప్పటికే కర్రలకు కావలసిన కలపలో ఎక్కువ భాగం బయటినుంచి వస్తోంది. ఇటీవల బంతిలో చిప్ పెట్టారు. ఫోను దగ్గర పెడితే అది ఆమోదించిన బంతో కాదో తెలుస్తుంది. గోల్‌కీపర్లు తమకు నచ్చిన బంతుల్ని గుట్టుగా మార్చేవాళ్ళట, అందుకని. ఇద్దరికీ ఒకే బంతి ఉండాలన్న కోరిక సబబైనదే. వెంట్రుకల బంతికి ఒకవైపు ఒరిగే గుణం ఉంటే దాన్ని చేసినవాడికి తెలుసు, ఎదుటివాడికి తెలియదు. ఇంటి బంతి అంత అమాయకమైనదేమీ కాదు.

కిల్కెన్నీలో ఇప్పటికీ పిల్లలు ఇంటి గోడకు బంతి కొడుతుంటారు. నలుపూ పసుపూ చొక్కా మీద వాళ్ళకు కన్నుంటుంది, వాళ్ళ అమ్మానాన్నలకు ఇంకా ఎక్కువ ఉంటుంది. వాళ్ళలో ఒక పిల్ల ఆడుకుంటోందా, సాధన చేస్తోందా? బయట నిలబడి చూసి చెప్పలేం. ఒకే దెబ్బ, ఒకే గోడ. మధ్యాహ్నం ఆటగా మొదలై సాయంత్రానికి సాధనగా మారి, చీకటిపడేవేళకు మళ్ళీ ఆటయి ఉండవచ్చు. ఆ పిల్లనే అడిగితే పోతుంది గదా అనిపిస్తుంది. అడగ్గానే బంతిని చేత్తో పట్టుకుని, గోడకు వీపు తిప్పి, ఎందుకు ఆడుతున్నానో మనకోసం ఒక కారణం వెతకడం మొదలుపెడుతుంది.